ఫ్లాష్ సెల్స్‌ను ఎంతవరకు ఖాళీ చేయాలి, ఎంత వేగంగా నింపాలి?

కెమెరా_కన్ను, తెనాలి

సభ్యులందరికీ నమస్కారం. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీయడం మా వృత్తి. మా ఫ్లాష్ ఒక్కొక్కదానికి నాలుగేసి డబుల్ ఏ సెల్స్ కావాలి కాబట్టి ఇరవై నాలుగు రీఛార్జబుల్ సెల్స్ ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి. అన్నీ 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు, అంటే సెల్ ఎంత కరెంటును ఎంతసేపు ఇవ్వగలదో చెప్పే కొలత) నికెల్ మెటల్ హైడ్రైడ్ రకానివే. రాత్రి ముహూర్తానికి వాడిన సెల్స్‌ను మరునాటి ఉదయం సత్యనారాయణ వ్రతం మొదలయ్యేలోగా మళ్ళీ నింపుకోవాలి. ఆ మధ్యలో మాకు దొరికే సమయం మూడు నాలుగు గంటలకు మించదు.

మా స్టూడియోలో చాలాకాలంగా ఒక పద్ధతి నడుస్తోంది. సగం వాడిన సెల్స్‌ను అలాగే ఛార్జింగ్‌కు పెట్టకూడదనే నమ్మకంతో, నాలుగింటినీ ఒక టార్చిలైటులో వేసి, అది పూర్తిగా ఆరిపోయేవరకు వెలిగించి, ఆ తర్వాతే ఛార్జర్‌లో పెడుతున్నాము. అయినా ప్రతి నాలుగింటిలో ఒకటి మిగిలినవాటికంటే ముందే పాడైపోతున్నది. ఆ ఒక్కటి ఛార్జింగ్‌లో చేయి పెట్టలేనంత వేడెక్కుతున్నది కూడా. లోపం టార్చి పద్ధతిలో ఉన్నదా, ఛార్జర్‌లో ఉన్నదా? ఈ రకం సెల్స్‌ను త్వరగా ఛార్జ్ చేస్తే అవి దెబ్బతింటాయని కొందరు అంటున్నారు, అది ఎంతవరకు నిజం?

వోల్టు_లెక్క, కాకినాడ

కెమెరా_కన్ను గారికి నమస్కారం. పాలిటెక్నిక్ విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ బోధించేవాడిని కాబట్టి కొంచెం విస్తరించి వ్రాస్తున్నాను.

ముందు టార్చి సంగతి చూద్దాము. ఏ నాలుగు సెల్స్ తీసుకున్నా వాటి సామర్థ్యాలు సరిగ్గా సమానంగా ఉండవు. ఒకే ప్యాకెట్‌లోంచి తీసినా, ఒకటి 1950 ఎంఏహెచ్, మరొకటి 1850 ఎంఏహెచ్ అన్నట్లు ఎంతో కొంత తేడా ఉండనే ఉంటుంది. టార్చిలో అవి వరుసగా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి కాబట్టి నాలుగింటిలోనూ ఒకే కరెంటు ప్రవహిస్తుంది. అన్నిటికంటే తక్కువ సామర్థ్యం ఉన్న సెల్ ముందుగా ఖాళీ అవుతుంది. అప్పటికి మిగిలిన మూడింటిలో ఒక్కొక్కటి 1.1 వోల్టు వరకు ఇస్తూనే ఉంటుంది కాబట్టి బల్బు కొంచెం మసకబారుతుందే తప్ప ఆరిపోదు. ఆ మూడూ కలిసి ఖాళీ అయిన నాలుగో సెల్ గుండా బలవంతంగా కరెంటును నెడతాయి. దాని వోల్టేజి సున్నాకు పడి, సున్నాను దాటి వ్యతిరేక దిశలోకి పోతుంది. దీనినే ధ్రువాలు తారుమారు కావడం అంటాము. ఆ స్థితిలో సెల్ లోపల హైడ్రోజన్ వాయువు పుట్టి ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి హద్దు మీరితే ప్లస్ కొస దగ్గర ఉండే చిన్న రక్షక రంధ్రం తెరుచుకుంటుంది, వాయువుతోపాటు ఎలక్ట్రోలైట్ (సెల్ లోపలి రసాయన ద్రవం) కూడా కొంత బయటికి పోతుంది. అలా ఎండిన సెల్‌కు అంతర్గత నిరోధం, అంటే లోపల కరెంటుకు కలిగే అడ్డు, పెరుగుతుంది, తర్వాతి ఛార్జింగ్‌లో ఎక్కువగా వేడెక్కుతుంది, సామర్థ్యం ఇంకా తగ్గుతుంది, మరుసటిసారి టార్చిలో అదే ఇంకా ముందుగా ఖాళీ అయి ఇంకా ఎక్కువసేపు తారుమారు స్థితిలో ఉంటుంది. నాలుగింటిలో ఎప్పుడూ ఒకటే పోవడానికి కారణం ఇదే. మీ సెల్స్‌ను చంపుతున్నది ప్రధానంగా ఆ టార్చియే.

ఖాళీ చేయడం అంటే సున్నాకు తేవడం కాదు. ఈ రకం సెల్ సామర్థ్యాన్ని కొలిచే ప్రామాణిక పరీక్షలోనే, సామర్థ్యంలో ఐదో వంతు కరెంటుతో, అంటే 2000 ఎంఏహెచ్ సెల్ అయితే 400 మిల్లీ ఆంపియర్లతో, సెల్ వోల్టేజి 1.0కు పడేవరకే ఖాళీ చేస్తారు. అప్పటికి దానిలో ఉన్న శక్తి దాదాపు అంతా వచ్చేసినట్లే, ఎందుకంటే ఈ సెల్ వోల్టేజి చాలాసేపు 1.2 దగ్గర నిలకడగా ఉండి చివరలో నిట్టనిలువుగా జారిపోతుంది. 1.0 నుంచి సున్నా వరకు పోయి మీరు బయటికి తీయగలిగేది అత్యల్పం, పొందే నష్టం మాత్రం పెద్దది.

కాబట్టి ఖాళీ చేయవలసి వస్తే ఒక్కొక్క సెల్‌ను విడివిడిగా, 1.0 వోల్టు దగ్గర ఆపేలా చేయాలి. నాలుగింటినీ వరుసలో పెట్టి మొత్తం వోల్టేజి 4.0కు వచ్చినప్పుడు ఆపినా భద్రత లేదు, మూడు సెల్స్ 1.2 దగ్గర, ఒకటి 0.4 దగ్గర ఉన్నా మొత్తం 4.0 అనే చూపిస్తుంది.

పాత_రేడియో, వరంగల్

వోల్టు_లెక్క గారు చెప్పిన తారుమారు సంగతి అక్షరాలా నిజం. రిపేరు దుకాణంలో విప్పి చూసిన కార్డ్‌లెస్ ఫోన్లు, షేవర్లు, పిల్లల రిమోట్ కార్ల ప్యాకులలో పాడైనది ఎప్పుడూ ఒకటి రెండు సెల్స్ మాత్రమే, మిగిలినవి బాగానే ఉంటాయి. అయితే ఖాళీ చేసి ఛార్జ్ చేయాలనే మాట ఊరికే పుట్టినది కాదు. నికెల్ కాడ్మియం సెల్స్ రాజ్యమేలిన కాలంలో ప్రతిరోజూ కొంచెమే వాడి నింపుతూ పోతే సెల్ ఆ కొంచెం దగ్గరే వోల్టేజి జారవిడిచేది. దానినే మెమరీ ఎఫెక్ట్ అనేవారు. ఆ అలవాటు సెల్స్ మారినా జనంలో మిగిలిపోయింది.

నేను ఇప్పటికీ నెమ్మదిగా, రాత్రంతా ఛార్జ్ చేయడాన్నే నమ్ముతాను. త్వరగా నింపే ఛార్జర్లలో పెట్టిన సెల్స్ వేడెక్కి త్వరగా పోవడం కళ్ళారా చూస్తున్నాము కదా. పెళ్ళిళ్ళవారికి సమయం లేకపోతే రెండో సెట్టు సెల్స్ కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం.

వోల్టు_లెక్క, కాకినాడ

పాత_రేడియో గారూ, రెండో సెట్టు గురించి మీరు చెప్పినది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. కానీ నెమ్మదిగా చేసే ఛార్జింగ్ ఎల్లప్పుడూ సురక్షితమన్న మాటను మాత్రం కొంత విడమరచి చూడాలి, ఎందుకంటే ఈ సెల్స్ విషయంలో అసలు ప్రశ్న ఎంత వేగంగా నింపుతున్నాము అన్నది కాదు, నిండిన సంగతి ఛార్జర్‌కు ఎలా తెలుస్తుంది అన్నది.

సెల్ సామర్థ్యంతో సమానమైన కరెంటును 1 సి అంటాము. 2000 ఎంఏహెచ్ సెల్‌కు 1 సి అంటే 2 ఆంపియర్లు, 0.1 సి అంటే 200 మిల్లీ ఆంపియర్లు. 0.1 సి దగ్గర 16 గంటలు పెట్టడం ప్రామాణిక పద్ధతి. పది గంటలు సరిపోవాలి కదా అనిపించవచ్చు, కానీ ఆ తక్కువ కరెంటు దగ్గర లోపలికి వెళ్ళినదంతా నిలవ ఉండదు కాబట్టి అంత సమయం కావాలి. ఈ వేగంలో సెల్ నిండిన తర్వాత కూడా కొన్ని గంటలు అదనంగా కరెంటు వెళ్ళినా, లోపల పుట్టే ఆక్సిజన్ నెగటివ్ పలక దగ్గర మళ్ళీ కలిసిపోతుంది, ఆ వేడి బయటికి పోతూ ఉంటుంది, పెద్ద ప్రమాదం ఉండదు. పాత_రేడియో గారి అనుభవం ఈ పద్ధతికి సంబంధించినదని అనుకుంటున్నాను. అక్కడ వారు చెప్పినది సరైనదే. అయినా 16 గంటలకు తీసేయాలి, రోజుల తరబడి వదిలేయకూడదు.

రెండో కొసన 0.5 సి నుంచి 1 సి వరకు ఉండే వేగం ఉన్నది. ఈ వేగంలో సెల్ నిండినప్పుడు రెండు సూచనలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది వోల్టేజి. ఛార్జింగ్ అవుతున్నంతసేపు నెమ్మదిగా పెరుగుతూ వచ్చిన వోల్టేజి నిండగానే శిఖరాన్ని తాకి కొంచెం కిందికి దిగుతుంది. నికెల్ కాడ్మియంలో ఈ దిగుడు సెల్‌కు 10 నుంచి 20 మిల్లీవోల్టుల వరకు ఉంటుంది, నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో 5 నుంచి 10 మిల్లీవోల్టులే. దీనిని పట్టుకునే ఛార్జర్ల పెట్టెల మీద మైనస్ డెల్టా వి అని వ్రాసి ఉంటుంది. రెండోది వేడి. 1 సి దగ్గర ఛార్జ్ అవుతున్న సెల్ ఉష్ణోగ్రత నిండే ఘట్టంలో నిమిషానికి సుమారు 1 డిగ్రీ చొప్పున పెరగడం మొదలవుతుంది. మంచి ఛార్జర్ ఈ రెండింటినీ గమనిస్తుంది, ఏదో ఒక కారణంవల్ల రెండూ తప్పిపోతే ఆపేందుకు టైమర్‌నూ పెట్టుకుంటుంది.

ఇప్పుడు ఈ రెండు కొసల మధ్యన ఉన్న 0.2 సి, 0.3 సి వేగాలను చూడండి. చాలామంది ఇదే మధ్యేమార్గమని, సెల్‌కు హాయి అని అనుకుంటారు. నిజానికి ఇక్కడ వోల్టేజి శిఖరం అంత చదునుగా ఉంటుంది కాబట్టి దిగుడును ఛార్జర్ పట్టుకోలేకపోవచ్చు, వేడి కూడా అంత నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి హెచ్చరిక అందదు. అలాగని నిండిన తర్వాత ఆ కరెంటును గంటల తరబడి భరించేంత తక్కువా కాదు. బజారులో చౌకగా దొరికే అనేక ఛార్జర్లు సరిగ్గా ఈ మధ్య వేగంలోనే, కేవలం టైమర్ మీద ఆధారపడి, రెండేసి సెల్స్‌ను జతగా వరుసలో పెట్టి నడుస్తాయి. జతలో ఒకటి పూర్తిగా ఖాళీగా, మరొకటి సగం నిండి ఉంటే, సగం నిండినది మిగతా సమయమంతా వేడెక్కుతూ కూర్చుంటుంది. కెమెరా_కన్ను గారి ఛార్జర్ బహుశా ఇటువంటిదే అయి ఉండాలి. అడుగున ఉన్న లేబుల్ మీద ఏమి వ్రాసి ఉన్నదో చెప్పగలరా?

కెమెరా_కన్ను, తెనాలి

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. టార్చిని ఈరోజే పక్కన పెట్టించాము. ఛార్జర్ అడుగున అవుట్‌పుట్ 2.8 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు, రెండు జతలు అని ఉన్నది. నాలుగు గడులు ఉన్నా లైట్లు రెండే. ఒక్క సెల్ పెడితే లైటు వెలగదు, జత పెడితేనే వెలుగుతుంది. టైమర్ గురించి ఏమీ వ్రాయలేదు. మైనస్ డెల్టా వి అన్న మాట కూడా ఎక్కడా లేదు.

వోల్టు_లెక్క, కాకినాడ

అయితే సందేహం లేదు. అది జతల ఛార్జరే. మీ 2000 ఎంఏహెచ్ సెల్స్‌కు 500 మిల్లీ ఆంపియర్లు అంటే 0.25 సి, అంటే నేను పైన చెప్పిన ఇబ్బందికరమైన మధ్య వేగం.

కొత్తది కొనేటప్పుడు నాలుగు గడులకు నాలుగు విడి లైట్లు లేదా విడి అంకెలు ఉన్నాయా, ఒక్క సెల్ పెట్టినా ఛార్జ్ చేస్తుందా అని ముందు చూడండి. తర్వాత ఒక్కొక్క సెల్‌కు కరెంటును 500, 700, 1000 మిల్లీ ఆంపియర్లుగా మార్చుకునే వీలున్నదా అని చూడండి. మీ అవసరానికి 1000 పెట్టుకుంటే అది 0.5 సి, ఖాళీ సెల్ రెండున్నర గంటలలోపు నిండుతుంది, వ్రతానికి అందుతుంది. ఒకప్పుడు పదిహేను నిమిషాల్లో నింపే ఛార్జర్లు కూడా విదేశాలలో అమ్మారు. వాటిలో ఫ్యాన్ తిరుగుతూ ఉండేది, సెల్‌కు 4 సి వరకు కరెంటు వెళ్ళేది. అంత తొందర మీకు అక్కరలేదు.

ఫ్లాష్‌లోంచి అప్పుడే తీసిన వేడి సెల్స్‌ను నేరుగా ఛార్జర్‌లో పెట్టవద్దు. తలంబ్రాల సమయంలో వరసగా ఫ్లాష్ కొడితే సెల్స్‌నుంచి కొన్ని ఆంపియర్ల కరెంటు లాగుతుంది, అవి బాగా వేడెక్కి ఉంటాయి. ఛార్జర్ వేడి చూసి ఆపేది అయితే వెంటనే నిండిపోయిందని పొరబడి ఆగుతుంది, చూడనిది అయితే వేడి మీద వేడి కలుస్తుంది. అరగంట చల్లారనివ్వండి. సాధారణంగా ఈ సెల్స్‌ను ఛార్జ్ చేయడానికి చెప్పే హద్దు 45 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గాలే ఆ హద్దును తాకుతుంది, ఇక కారు డాష్‌బోర్డు మీదో యాంప్లిఫైయర్ల పక్కనో ఛార్జర్ పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. వేడిలో సెల్ పూర్తిగా నిండదు కూడా. ఫంక్షన్ హాల్లో ఏసీ ఉన్న గదిలో, మూత తీసి, గాలి తగిలేలా పెట్టుకోండి.

స్టూడియో_నీడ, నిజామాబాద్

నేను కూడా ఇదే వృత్తిలో ఉన్నాను కాబట్టి రెండు మాటలు కలుపుతాను.

సెల్స్‌ను నాలుగేసి చొప్పున జట్లుగా కట్టి, ఒక్కొక్క జట్టుకు ఒక అక్షరం, కొన్న నెల మార్కర్‌తో వ్రాసుకోవాలి. ‘క’ జట్టు సెల్ ‘గ’ జట్టులో కలవకూడదు. పెళ్ళి హడావిడిలో సహాయకులు అన్నీ ఒకే సంచిలో పోస్తారు కాబట్టి నిండినవి ప్లస్ కొస పైకి, వాడినవి కిందికి ఉండేలా ప్లాస్టిక్ డబ్బాలలో పెట్టే పద్ధతి మేము పాటిస్తున్నాము. సంచిలో తాళాలు, నాణేల మధ్య విడిగా వేస్తే షార్టు అయి జేబు కాలే ప్రమాదం ఉన్నది.

సామర్థ్యం ఎక్కువ ఉన్న సెల్ మంచిదనే భ్రమ కూడా ఒకటి ఉన్నది. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే పేరుతో తనంతట తాను ఖాళీ కావడం బాగా తగ్గిన సెల్స్‌ను తెచ్చింది. వాటి మామూలు రకం సుమారు 2000 ఎంఏహెచ్, పెద్ద రకం 2500 ఎంఏహెచ్. కానీ పాత ప్యాకెట్ల మీద కంపెనీ వ్రాసిన ఛార్జింగుల సంఖ్య మామూలు రకానికి 2100, పెద్ద రకానికి 500 మాత్రమే. అదే పరిమాణపు గొట్టంలో ఎక్కువ పదార్థాన్ని కూరితే ఆయుష్షు తగ్గుతుంది. వారం వారం వాడేవారికి మామూలు రకమే లాభం.

ఇంకొక హెచ్చరిక. డబుల్ ఏ సెల్‌ను అచ్చంగా పోలిన 14500 అనే లిథియం అయాన్ సెల్ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నది. దాని వోల్టేజి 3.7. నాలుగు వేస్తే ఫ్లాష్‌కు 4.8 వోల్టుల చోట 14.8 వోల్టులు వెళ్తాయి, ఫ్లాష్ అక్కడికక్కడే కాలిపోతుంది. దానిని నికెల్ ఛార్జర్‌లో పెడితే ఇంకా పెద్ద ప్రమాదం. యూఎస్‌బీ రంధ్రం ఉండే 1.5 వోల్టుల లిథియం సెల్స్ వేరు, వాటి లోపల వోల్టేజిని తగ్గించే చిన్న సర్క్యూట్ ఉంటుంది, అయినా వాటిని కూడా వాటి తీగతోనే నింపాలి తప్ప నికెల్ ఛార్జర్‌లో పెట్టకూడదు.

చిన్నోడు_గుంటూరు

అన్నలూ, నా ఫోన్ కూడా ఇలాగే వారానికి ఒకసారి సున్నాకు తెచ్చి నింపాలంటున్నారు. అది కూడా తప్పేనా? 65 వాట్ల ఛార్జర్ వాడుతున్నాను, అది పేలుతుందేమోనని ఇంట్లో భయపడుతున్నారు.

గాలిరెక్క, హైదరాబాద్

తమ్ముడూ, రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేసేవాడిని కాబట్టి లిథియం బ్యాటరీలతో నాకు రోజూ పని. ఫోన్‌లో ఉండేది లిథియం అయాన్. దానికి మెమరీ ఎఫెక్ట్ ఇబ్బంది లేదు, సున్నాకు తేవడంవల్ల మేలు ఏమీ లేదు. శాతం అంకె తప్పుగా చూపిస్తున్నప్పుడు లెక్క సరిచేయడానికి ఎప్పుడో ఒకసారి చేయవచ్చు, అంతే.

నికెల్‌కూ లిథియంకూ నింపే పద్ధతిలోనే తేడా ఉన్నది. లిథియం సెల్‌కు మొదట స్థిరమైన కరెంటు ఇస్తారు, వోల్టేజి 4.2కు చేరాక వోల్టేజిని అక్కడే పట్టి ఉంచి కరెంటును తగ్గనిస్తారు, అది బాగా తగ్గాక పూర్తిగా ఆపేస్తారు. నికెల్‌లా నిండిన తర్వాత కూడా చిన్న కరెంటు పంపుతూ ఉండడం ఇక్కడ అసలు పనికిరాదు. త్వరగా నింపే ఛార్జర్ మొదటి భాగంలోనే వేగం చూపిస్తుంది, 80 శాతం దాటాక అదీ నెమ్మదిస్తుంది. ఆ సంగతంతా ఫోన్‌లోని సర్క్యూట్ చూసుకుంటుంది. మీరు చూడవలసింది వేడి ఒక్కటే. ఫోన్‌ను దిండు కింద పెట్టి ఛార్జ్ చేయవద్దు, నకిలీ ఛార్జర్ వాడవద్దు, వెనుక మూత ఉబ్బితే ఆ క్షణమే వాడకం ఆపి దుకాణానికి ఇవ్వండి.

ఇంట్లోవారి భయాన్ని తేలికగా తీసిపారేయలేము. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటల పొగ పై అంతస్తులలోని లాడ్జికి వ్యాపించి 8 మంది చనిపోయారు. బ్యాటరీ పెద్దదయ్యేకొద్దీ ప్రమాదం కూడా పెద్దదే. స్కూటర్ బ్యాటరీని మెట్ల కింద, బయటికి వెళ్ళే దారిలో ఎవరూ ఛార్జ్‌కు పెట్టవద్దు.

పాత_రేడియో, వరంగల్

ఉబ్బిన లిథియం బ్యాటరీలను ఉప్పునీళ్ళ బకెట్‌లో రెండు రోజులు వేస్తే పూర్తిగా ఖాళీ అయిపోతాయని వీడియోలలో చూపిస్తున్నారు. అది నమ్మదగినదేనా? దుకాణానికి అటువంటివి చాలా వస్తుంటాయి.

గాలిరెక్క, హైదరాబాద్

నమ్మవద్దండీ. ఉప్పునీళ్ళలో కరెంటు ప్రవహించగానే బ్యాటరీ కొసలు తుప్పు పట్టి కరిగిపోతాయి. కొసలు తెగిపోయాక లోపల మిగిలిన శక్తిని తీసే దారి ఉండదు, బయటికి చూస్తే మాత్రం చచ్చిన బ్యాటరీలా కనిపిస్తుంది. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టడానికి కొసలే ఉండవు. పైగా ఆ బకెట్‌నుంచి హైడ్రోజన్, క్లోరిన్ వాయువులు వస్తాయి.

మా విమానాలవారు చేసే పద్ధతి ఇది. మూడు సెల్స్ వరుసలో ఉన్న ప్యాక్ నిండుగా ఉంటే 12.6 వోల్టులు. కారు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టులు, 21 వాట్ల బల్బును తగిలిస్తే సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఆరుబయట, గచ్చు మీద, చుట్టూ మండే వస్తువులేమీ లేకుండా, మనిషి దగ్గర ఉండి చేయాలి. ప్యాక్‌ను మళ్ళీ వాడదలచుకుంటే ఒక్కొక్క సెల్ 3.8 వోల్టుల దగ్గర ఆపి నిలవ పెడతాము. 3.0కు కిందికి ఎన్నడూ పోనివ్వము, ఎందుకంటే మరీ కిందికి పోయిన సెల్‌లో రాగి రేకు కరిగి, తిరిగి ఛార్జ్ చేసినప్పుడు లోపలే షార్టు అయ్యే అవకాశం ఉన్నది. పారవేయదలచుకున్న ప్యాక్‌ను మాత్రం బల్బు పూర్తిగా ఆరిపోయేవరకు ఉంచి, ఇక ఎప్పటికీ ఛార్జ్ చేయకుండా, కొసలకు టేపు చుట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇస్తాము.

అయితే బాగా ఉబ్బినది, గుచ్చుకున్నది, వేడిగా ఉన్నది, తీయటి ద్రావకం వాసన వస్తున్నది అయితే ఇవేమీ చేయకండి. ఇసుక నింపిన ఇనుప డబ్బాలో పెట్టి, మూత వదులుగా ఉంచి, ఇంటికి దూరంగా ఉంచండి.

నిర్వాహకులు

సభ్యులకు విజ్ఞప్తి. లిథియం బ్యాటరీల చర్చ ఉపయోగకరమే కానీ ఈ దారం (చర్చ) డబుల్ ఏ నికెల్ సెల్స్ గురించి మొదలైనది. స్కూటర్ బ్యాటరీల గురించి వేరే దారం తెరవగలరు. పాత సెల్స్ పారవేత గురించి ఒక్క మాట: 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడకం అయిపోయిన బ్యాటరీలను మిగతా చెత్తతో కలపకుండా వేరుగా ఇవ్వవలసిన బాధ్యత వినియోగదారునిది, వాటిని తిరిగి సేకరింపజేసే బాధ్యత తయారీదారునిది.

కెమెరా_కన్ను, తెనాలి

నాలుగు విడి గడుల ఛార్జర్ తెప్పించుకున్నాము. మంచి జట్లు 1000 మిల్లీ ఆంపియర్ల దగ్గర రెండు గంటల పైచిలుకులో నిండుతున్నాయి, చేతితో పట్టుకోగలిగినంత వెచ్చగానే ఉంటున్నాయి. ఇప్పుడు మూడు సందేహాలు మిగిలాయి.

పాత సెల్స్‌లో కొన్నింటిని ఛార్జర్ అసలు గుర్తించడం లేదు, మల్టీమీటర్‌లో అవి 0.5, 0.6 వోల్టులు చూపిస్తున్నాయి. చాలాకాలం అలమరలో ఉన్న మరికొన్ని పది నిమిషాల్లోనే నిండిపోయినట్లు చూపించి ఆగిపోతున్నాయి. ఇక మూడోది, టార్చి మానేశాము సరే, అసలు ఖాళీ చేయవలసిన అవసరం ఎప్పుడైనా ఉంటుందా?

వోల్టు_లెక్క, కాకినాడ

మూడోదానితో మొదలుపెడతాను. రోజువారీ వాడకంలో ఖాళీ చేయనక్కరలేదు. సగం వాడిన సెల్స్‌ను నిస్సంకోచంగా నింపుకోవచ్చు. ప్రతిసారీ ఖాళీ చేస్తే సెల్ ఆయుష్షులోని ఛార్జింగులలో ఒకదానిని ఊరికే ఖర్చు చేసినట్లు అవుతుంది. సెల్ తన సామర్థ్యాన్ని కోల్పోయినట్లు అనిపించినప్పుడు, లేదా నెలల తరబడి నిలవ ఉన్నప్పుడు, 1.0 వోల్టు వరకు ఖాళీ చేసి నింపడాన్ని రెండు మూడుసార్లు చేస్తే కొంత తేరుకుంటుంది. మీ కొత్త ఛార్జర్‌లో రిఫ్రెష్ అనే మీట ఉంటే అది చేసే పని ఇదే. సామర్థ్యం కొలవడానికి కూడా అదే దారి. జట్టులో ఒకటి మిగిలినవాటికంటే పదిహేను ఇరవై శాతం తక్కువ చూపిస్తే దానిని ఫ్లాష్‌నుంచి తప్పించి గోడగడియారానికో రిమోట్‌కో ఇవ్వండి.

పది నిమిషాల్లో ఆగిపోయేవి నిండినవి కావు. నిలవ ఉన్న సెల్‌లో ఛార్జింగ్ మొదలైన కాసేపటికి వోల్టేజి ఒకసారి ఎగసి పడుతుంది, ఛార్జర్ దానినే శిఖరమని పొరబడుతుంది. తీసి మళ్ళీ పెట్టండి, లేదా ఆ మొదటిసారికి మాత్రం 200 మిల్లీ ఆంపియర్ల దగ్గర 16 గంటలు నింపండి. ఇక్కడ పాత_రేడియో గారి పద్ధతే సరైన మందు.

గుర్తించని సెల్స్ విషయం: తెలివైన ఛార్జర్లు చాలావరకు ఒక హద్దుకు తక్కువ ఉన్న సెల్‌ను పాడైనదిగా లెక్కిస్తాయి. పాత చిన్న ఛార్జర్‌లో, మీరు పక్కనే ఉండగా, కొద్ది నిమిషాలు పెట్టి 1.0 వోల్టు దాటించి, తర్వాత కొత్తదానిలో పెట్టవచ్చు. వేడెక్కితే, లేదా మరునాటికి మళ్ళీ 0.6కు పడితే, దాని పని అయిపోయినట్లే. ఈ ఉపాయం నికెల్ సెల్స్‌కు మాత్రమే. లిథియం సెల్ మీద ఎవరూ ప్రయత్నించవద్దు.

పాత_రేడియో, వరంగల్

రిఫ్రెష్ మీట లేని ఛార్జర్ ఉన్నవారికోసం చిన్న పెట్టె సంగతి చెబుతాను. ఒక సెల్ మాత్రమే పట్టే హోల్డర్‌లు నాలుగు తీసుకోండి. ఒక్కొక్కదానికి 3.3 ఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టర్ తగిలించండి. సెల్‌నుంచి సుమారు 360 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, నిండు సెల్ ఖాళీ కావడానికి ఐదున్నర గంటల వరకు పడుతుంది. మల్టీమీటర్‌తో చూస్తూ 1.0 దగ్గర తీసేయాలి. అంతసేపు కూర్చోలేనివారు 3.3 ఓమ్‌ల బదులు 1 ఓమ్ రెసిస్టర్‌తోపాటు వరుసలో 1ఎన్4007 డయోడ్ పెట్టుకోవచ్చు. సెల్ వోల్టేజి పడేకొద్దీ డయోడ్ దానంతట అదే కరెంటును తగ్గించేస్తుంది.

వోల్టు_లెక్క, కాకినాడ

చక్కటి పెట్టె. ఒక్క గమనిక మాత్రం చేరుస్తాను. డయోడ్ 1.0 దగ్గర ఖచ్చితంగా ఆపదు, ఇంకా కిందికి, 0.7 ప్రాంతానికి పోయాకనే కరెంటు దాదాపు నిలిచిపోతుంది. ఒక్కొక్క సెల్ విడిగా ఉన్నది కాబట్టి తారుమారయ్యే భయం లేదు. అయినా అలాగే రోజుల తరబడి వదిలేస్తే ఎలక్ట్రోలైట్ కారే అవకాశం ఉన్నది కాబట్టి, సాయంత్రం పెట్టినవాటిని పొద్దున్నే తీసి ఛార్జ్‌కు పెట్టేయండి.

కెమెరా_కన్ను, తెనాలి

హోల్డర్‌లు, రెసిస్టర్లు గవర్నరుపేటలో దొరుకుతాయని చెప్పారు, ఆదివారం విజయవాడ వెళ్ళేవారితో తెప్పిస్తున్నాము. పాత_రేడియో గారూ, రెసిస్టర్‌ను ప్లాస్టిక్ పెట్టెలో ఇమిడిస్తే వేడికి ఇబ్బంది ఉంటుందా?

పాత_రేడియో, వరంగల్

ఉండదండీ. 3.3 ఓమ్‌లదానిలో పుట్టేది అర వాటు లోపే. పెట్టె మూతకు నాలుగు రంధ్రాలు వేసి, రెసిస్టర్‌ను ప్లాస్టిక్‌కు తగలకుండా కొంచెం ఎత్తులో నిలబెట్టి టంకం పెట్టండి. సెల్‌కు మాత్రం ఆనుకొని ఉండనివ్వకండి.